సీలు విప్పని పెట్టె

"అయ్యో, సీలు విప్పకండి!" వేదవతి గబగబా వచ్చి పెట్టెకి అడ్డం నిలబడింది. "విప్పితే వాపసు తీసుకోరట. ముందు మీ లాప్‌టాప్‌కి సరిపోతుందో లేదో చూసుకుని, అప్పుడు విప్పుదురుగాని."

జనార్ధనరావు కత్తెర బల్ల మీద పెట్టేశాడు. పాత రోజుల్లో మానిటర్ కదపాలంటే ఇద్దరు మనుషులు కావాల్సొచ్చేది. ఈ కొత్తరకం పలక మానిటర్‌ని మాత్రం వేదవతి నీళ్ల బిందెలా చంకనెత్తుకుని కారులోంచి తెచ్చేసింది.

"ఇప్పుడిది ఎందుకు?" అన్నాడు.

"మా వృద్ధుల రెస్ట్‌హోమ్ ఆఫీసుకి ఇలాంటివే వచ్చాయి. అక్షరాలు పెద్దగా, కళ్లకి హాయిగా ఉన్నాయి. మీరేమో రోజంతా ఆ చిన్న తెరలోకి చూసొచ్చి, సాయంత్రం గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారు. ఏదీ, ఆ లాప్‌టాప్ ఇలా తెండి."

లాప్‌టాప్ బ్యాగు తలుపు పక్కనే ఉంది. అందులో అన్నం డబ్బా ఉంది, గొడుగు ఉంది, బరువు కోసం పెట్టిన లావుపాటి పుస్తకం ఉంది. లాప్‌టాప్ మాత్రం లేదు.

ఆ రెండువేల తొమ్మిదిలో, వేసవి వెళ్తూ వెళ్తూ అతని ఉద్యోగాన్ని వెంట తీసుకుపోయింది. మేనేజరు గొంతు తగ్గించి ఆ కబురు చెబితే, జనార్ధనరావు "థాంక్యూ" అని లాప్‌టాప్ అప్పగించి, రైలెక్కి తాముండే పాపకూర స్టేషన్లో దిగిపోయాడు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే చిగురు మొద్దుబారినట్టు మనసంతా మొద్దుబారిపోయింది. మర్నాడు చెబుదామనుకున్నాడు. తెల్లారేసరికి వేదవతి డబ్బా కట్టి చేతిలో పెట్టింది. పెట్టాక వెళ్లకపోతే బాగుండదని వెళ్లాడు. అప్పట్నుంచీ రోజూ అదే రైలు, సిటీ లైబ్రరీలో అదే కిటికీ పక్క కుర్చీ. చలికాలం కూడా వచ్చేసింది. ఉద్యోగం పోయిందని చెప్పడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. ఇన్నాళ్లూ అబద్ధమాడానని చెబితే వేదవతి మళ్లీ తన మాట నమ్ముతుందా అన్నదే అతని భయం. ఒంట్లో మొద్దుబారనిది అదొక్కటే.

"లాప్‌టాప్ ఆఫీసులో వదిలేశాను."

"మరి బ్యాగు తెచ్చారుగా?"

"డబ్బా ఉంది కదాని."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. జనార్ధనరావుకి ఆ విద్య పట్టుబడలేదు. వేదవతి మాత్రం సరేనని తలూపి వంటగదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం అతను పెట్టె దగ్గర వంగి, దాని మీద అచ్చువేసిన వివరాలు శ్రద్ధగా చదివాడు.

"ఇది మా లాప్‌టాప్‌కి సరిపోదు వేదా. దీనికి నీలం సాకెట్టొకటి, తెల్లదొకటి ఉన్నాయి. మాదాంట్లో..."

"మీదాంట్లో నీలంది ఉందిగా. మీటింగుల్లో ప్రొజెక్టర్‌కి తగిలిస్తానని మీరే చెప్పారు."

తేలు కుట్టిన దొంగలా మళ్లీ పెట్టె మీదకి వంగాడు. వేదవతి టీ కప్పు అతని ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"కుదరకపోతే కుదరలేదని చెప్పేయండి. ఇంట్లో మనుషులమేగా, నేనేమీ అనుకోను."

"చూసి చెప్తాను."

"శనివారం దాకా టైముంది."

ఆ తర్వాత రోజూ ఇదే వరస. అతను రైలు దిగి ఇంటికి వచ్చేసరికి ఆమె రెండు టీలు పెట్టుకుని ఆ పెట్టె పక్కనే కూర్చునుండేది.

"ఏమైనా తేలిందా?"

"ఇంకా లేదు."

"నాతో చెప్పడానికి ఇంత ఆలోచనేంటండీ?"

అతనికి టీ చేదుగా కూడా అనిపించేది కాదు. తాగేసి కప్పు కడిగి పెట్టేవాడు.

శుక్రవారం ఇక అడకత్తెరలో పోకచెక్కయిపోయి, వెనక వీధిలో ఉండే నోవహు తలుపు తట్టాడు. నోవహు హాస్పిటల్లో నర్సు, వేదవతికి చర్చి వాళ్ల ద్వారా పరిచయమైనవాడు.

"మీ లాప్‌టాప్ ఒక్కపూట ఇస్తారా? మాది ఆఫీసువాళ్లు రిపేరుకిచ్చారు. మానిటర్ ఒకటి సరిచూడాలి."

నోవహు ఏమీ అడగలేదు. లాప్‌టాప్ తెచ్చి రెండు చేతులతో అందించాడు. "మీ ఇద్దరినీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటున్నానండీ," అన్నాడు.

మానిటర్ తగిలించడానికి ప్రార్థనెందుకో జనార్ధనరావుకి అర్థం కాలేదు. దండం పెట్టి వచ్చేశాడు.

వేదవతి ఆ లాప్‌టాప్‌ని చాలాసేపు చూసింది.

"ఇదేనా మీది?"

"మొన్ననే కొత్తదిచ్చారు ఆఫీసులో."

"ఓహో," అంది. ఆమె మొహంలో ఏదో ఆరిపోయింది. మార్నింగ్ షిఫ్టు చేసి అలిసిపోయిందనుకున్నాడు.

"ఇదిగో చూడు, నీలం సాకెట్టు. పెట్టె మీద రాసిందీ ఇదే. బ్రహ్మాండంగా సరిపోతుంది." ఎన్నో రోజుల తర్వాత అతని గొంతులో కాస్త జీవం వచ్చింది. గండం గడిచింది. రేపొక్కరోజు దాటితే, సోమవారానికి ఇంకో అబద్ధం చూసుకోవచ్చు. "ఇంక విప్పెయ్యనా?"

వేదవతి వెళ్లి కత్తెర తెచ్చింది. వెంటనే ఇవ్వకుండా చేతిలోనే ఉంచుకుంది.

"ఏవండీ, విప్పేముందు నాకేమైనా చెప్పాల్సింది ఉందా?"

"సరిపోతుందని చెప్పానుగా."

ఆమె కత్తెర అతని చేతిలో పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను టేపు కత్తిరించి, అట్టలు రెండు వైపులకీ విప్పి, లోపలికి చెయ్యి పెట్టాడు.

పెట్టె ఖాళీగా ఉంది. వేదవతి ఆశ్చర్యపోలేదు.