తిట్ల పళ్లెం

“దేవుడి అతిథులం అపా, తలుపు తియ్!”

మంచు తుఫానులో బస్సు కూరుకుపోతే, ముగ్గురు ప్రయాణికులను వెంటబెట్టుకుని కొండ మీది ఇంటికి వచ్చాడు డ్రైవర్ ఎసెన్.

అందరూ ‘అపా’, అంటే అమ్మా, అని పిలిచే బూరుల్ ముసలమ్మ తలుపు తీసింది. చేతిలో సొట్టల రాగి పళ్లెం. “ఆయన పేరెత్తకండి! నిరుడు ఇదే కనుమలో నా కొడుకుని మంచుపాలు చేశాడు. చలి పేరు చెప్పి లోపలికి రండి.”

“ఈ పళ్లెం చప్పుడు పట్టుకునే వచ్చాం అపా. అంతా ఆయన దయ!”

“దయా? మంచు పడినప్పుడల్లా ఇది బాదుతూ ఆయన్ని తిడతాను!”

“నీ తిట్లే మాకు మెట్లయ్యాయి!”

ముసలమ్మ పళ్లెం వంక చూసింది. “ఇంకెవరైనా ఉన్నారా బయట?”

“లారీవాళ్లిద్దరు. వాళ్ల బండీ కూరుకుపోయింది. మా వెనకే నడిచి వస్తూ తప్పిపోయారు.”

ఆమె గబగబా మంచులోకి నడిచి పళ్లెం బాదింది. “ఒరే పైవాడా! ఆ ఇద్దరూ నా గడప ఎక్కేదాకా తిడుతూనే ఉంటాను. మన తగువు తర్వాత!”