ఒకే కుళాయి నీళ్ళు

"మా ఇంటికి రేకుల కప్పండీ. వానొస్తే ఇంట్లోనే గొడుగేసుకుని చదువుకునేవోణ్ణి," అన్నాడు త్రినాధరావు.

పక్కనే కూర్చున్న భార్య నూకరత్నం కాఫీ గ్లాసు కింద పెట్టి అతని మొహంలోకి చూసింది. చీడికాడ మునసబుగారి మనవడు. నలుగురు పాలేర్లున్న లోగిట్లో పెరిగిన మనిషి. గంజి తాగడం మాట అటుంచి, బట్టలకి పెట్టిన గంజి వాసనకే ముక్కు మూసుకుంటాడు. అలాంటివాడు కొడుకు పెళ్ళిచూపులకి అనకాపల్లిలో పిల్ల ఇంటికి వచ్చి లేని పేదరికం ఒలకబోస్తున్నాడు.

తప్పు పూర్తిగా అతనిది కాదు. కొడుకు తారక్‌కి ముప్ఫై దాటాయి. వచ్చిన సంబంధాలన్నీ వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఆఫీసులో పరిచయమైన బుజ్జిని తప్ప చేసుకోనని భీష్మించాడు. "వాళ్ళ నాన్న అప్పలరాజుగారు అనకాపల్లి గోనెలపేటలో పెరిగేరట నాన్నా. ఉద్యోగంలో ఊళ్ళు తిరిగి, రిటైరయ్యేక మళ్ళీ అనకాపల్లొచ్చేరు. పేటోళ్ళంటే ప్రాణవట. మీరూ అక్కడే పెరిగేనని ఒక్క మాటనండి, పెళ్ళయిపోయినట్టే," అని సబ్బవరంలో ఇంటి దగ్గర కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

బెల్లం మార్కెట్టులో మూటలు మోసే కలాసీలూ, గోనెసంచులు కుట్టుకునే ఆడవాళ్ళూ ఉండే పేట అది. త్రినాధరావు దాన్ని ఏనాడూ చూసిన పాపాన పోలేదు. ఈ సంగతి బయటపడితే సంబంధమూ పోతుంది, పరువూ పోతుంది. తారక్, బుజ్జి మాత్రం మాట్లాడుకుంటామని నిశ్చింతగా డాబా మీదకి వెళ్ళిపోయారు.

"రేకులా? అదృష్టవంతులండి," అన్నాడు అప్పలరాజు. "మాకు గోనెసంచులే గోడలు."

త్రినాధరావుకి రోషం వచ్చింది. "మాకు ఆదివారం ఒక్కనాడే అన్నవండి. మిగతా రోజులు గంజే."

"మాకు ఆదివారం ఒక్కనాడే గంజి."

నూకరత్నానికి పొలమారింది.

"అది సరే గానీ, కుళాయి దగ్గర ఒకాయన ఉండీవోడు, గుర్తున్నాడేటి?" అని అడిగాడు అప్పలరాజు.

త్రినాధరావు తారక్ కోసం డాబా మెట్ల వైపు చూశాడు. ఇది పాఠంలో లేదు. "ఎందుకు గుర్తులేడండీ? లావుగా..."

"లావుగానే! మీసాలు..."

"ఇంతేసి మీసాలు! పేరు... పరదేశి?" అన్నాడు, ఈ ప్రాంతంలో రాయి విసిరితే పరదేశి అనే పేరున్న ఎవడో ఒకడికి తగలకపోదన్న ధైర్యంతో.

"పరదేశే!" అప్పలరాజు తొడ చరుచుకున్నాడు. "బెల్లం బండెనక పరిగెడితే మనల్ని తరిమీవోడు కాదేటి?"

"తరిమినా, మళ్ళీ ఆయనే చిన్న ముక్క చేతిలో పెట్టీవోడు."

"పెట్టీవోడు, పెట్టీవోడు. పోయేడు పాపం."

అప్పలరాజు కళ్ళు తుడుచుకున్నాడు. త్రినాధరావు కూడా కళ్ళొత్తుకున్నాడు. లేని పరదేశి మీద నిజంగానే బెంగ పుట్టింది. తన అబద్ధానికి తానే ఏడుస్తున్నందుకు తన మీద తనకే నవ్వూ, సిగ్గూ వచ్చాయి.

అంతసేపూ వింటూ కూర్చున్న దేముడనే ఆయన అప్పుడు నోరు విప్పాడు. పక్కింటి పెద్దాయన. పెళ్ళిమాటల దగ్గర ఒక పెద్దమనిషి ఉండాలని అప్పలరాజు పిలిచి కూర్చోబెట్టాడు.

"నాకో అనుమానం బాబూ. ఇద్దరిదీ ఒకే పేట. ఒకే కుళాయి నీళ్ళు తాగేరు. అంటే అన్నదమ్ముల వరస. అన్నదమ్ముల పిల్లలకి పెళ్ళేటి?"

త్రినాధరావు అటూ ఇటూ ఆలోచించాడు. నిజం చెబితే వరస కుదురుతుంది, సంబంధం పోతుంది. చెప్పకపోతే కుదిరిన సంబంధానికి వరస అడ్డం. కొండ నాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టయింది.

"అబ్బే," అన్నాడు చివరికి, "మా అమ్మ వీళ్ళమ్మగారిని వదినా అనే పిలిచేదండి."

అని అప్పలరాజు వైపు బిక్కుబిక్కుమంటూ చూశాడు. ఆ తల్లి పేరైనా తనకి తెలియదు.

"అవునవును!" అప్పలరాజు కుర్చీలోంచి లేచిపోయాడు. "మా అమ్మ కూడా ఈయన నాన్నగారిని అన్నయ్యా అనీది. ఇప్పటికీ నా సెవుల్లోనే ఉంది!"

దేముడు వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. "అయితే బావాబావమరుదులే. మరింకేటి, తాంబూలాలు పుచ్చుకోండి."

"బావా!" అంటూ అప్పలరాజు వాటేసుకున్నాడు. ఆ కౌగిట్లో త్రినాధరావుకి ఊపిరాడలేదు. ఇంత అమాయకుణ్ణా తను మోసం చేస్తున్నది? అన్నం సహిస్తుందా తనకి?

దేముడు ఊరుకోలేదు. "ముహూర్తాలకి ముందు పేట అమ్మోరికి దణ్ణం ఎట్టుకు రండి. పెరిగిన సోటు మరిసిపోయి శుభకార్యం సేసుకోకూడదు."

కాదంటే అనుమానం వస్తుంది. బావలిద్దరూ ఆటో ఎక్కారు. దారిపొడుగునా త్రినాధరావు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. అప్పలరాజు కూడా ఎందుకో పేట కబుర్లు ఆపేశాడు. నాలుగురోడ్ల జంక్షన్‌లో ఆటో ఆగింది.

"నాది కోటవురట్లండి, ఈ ఊరికి కొత్త," అన్నాడు డ్రైవరు. "గోనెలపేట ఎటేపండి?"

అయిపోయింది. త్రినాధరావు కళ్ళు మూసుకుని, "నువ్వు సెప్పు బావా. ఊరంతా మారిపోయింది, నాకు ఆనవాలు అందడం లేదు," అన్నాడు.

అప్పలరాజు ఎడమవైపు చూశాడు. కుడివైపు చూశాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకుని, త్రినాధరావు చెవి దగ్గరకి వంగాడు.

"మా బుజ్జి అన్నీ నేర్పింది గానీ బావా, దారి నేర్పనేదు."