అడ్వాన్సు ఏడుపు

"శవం లేని ఇంట్లోన రాగం పెట్టకూడదే పిల్లా. ఎన్నిసార్లు సెప్పాల?" అంది కూర్మమ్మ.

భారతి హెడ్‌ఫోన్లు మెడమీదికి జార్చి గోడకి చేరగిలబడింది. శబ్దాలు రికార్డు చేసి అమ్ముకోవడం ఆమె పని. పొద్దున్నే క్లాంగ్ పట్నంలో బయలుదేరి, కార్లో మైకులు వేసుకుని పామాయిలు తోటల మధ్యనున్న సుంగై సుమున్ ఊరి దాకా వచ్చింది. బెల్జియంలో ఒక సినిమా కంపెనీవాళ్లకి తెలుగు ఏడుపు కావాలి. చావింట్లో ఆడవాళ్లు చనిపోయినవాళ్ల గుణగణాలు చెప్పుకుంటూ, రాగం తీసి ఏడ్చే ఏడుపు. నటించేవాళ్లు పనికిరారు, ఆ ఏడుపు నిజంగా తెలిసినవాళ్లే కావాలన్నారు. తాతల నాడు ఈ దేశానికి వలసొచ్చిన తెలుగువాళ్లలో, ఈ చుట్టుపక్కల అలా ఏడవడం తెలిసిన మనిషి కూర్మమ్మ ఒక్కతే మిగిలింది. ఈ పని కూడా చెడితే స్టూడియోకి తాళం వేసుకోవడమే. ఆ సంగతి పెద్దావిడకి విడమరిచి చెప్పే ఓపిక భారతికి లేదు.

"యూరప్‌లో ఇదంతా పెద్ద ఇండస్ట్రీ మామ్మా. పాటలు, బొమ్మలు, సినిమాలు... కార్ల ఫ్యాక్టరీలెలాగో ఇవీ అలాగే. లక్షలమంది వీటిమీదే బతుకుతన్నారు."

"ఏడుపుమీదా?"

"ఏడుపుమీద, నవ్వుమీద, అన్నిటిమీదా."

"అయ్యో, మాయమ్మ బతికినన్నాళ్లూ ఊరికే ఏడిసింది, తెలీక."

భారతికి నవ్వొచ్చింది గానీ, నవ్వడానికి కూడా ఓపిక కావాలి కదా.

"పోనీ ఇంట్లో వద్దు. నా కార్లో కూచో. అద్దాలెత్తేస్తే బయట చప్పుడు కూడా రాదు. ప్లీజ్ లాహ్," అని అక్కడి జనం ఊతపదం కలిపి బతిమాలింది భారతి.

"ఆ కారు నీదే కదేటి? అందులోన రాగం పెడితే నీకు కీడు తగుల్తాది."

"తగిలితే తగలనీ మామ్మా. ఈ బతుక్కి ఇంక కొత్తగా తగిలేదేటి?"

విసుగులో అనేసిన మాట అది. కూర్మమ్మ మాత్రం ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. లోపలికి వెళ్లి రెండు గ్లాసుల్లో నల్ల టీ తెచ్చి, ఒకటి భారతి చేతిలో పెట్టి పక్కనే చతికిలబడింది.

"ఒక పని సేద్దారి. నాకు నానే ఏడుస్తాను."

"నీకు నువ్వా!"

"నానెలాగూ పోతాను కదే. ఇంకెవులికీ తగల్దు. అడ్వాన్సు అనుకో."

భారతి టీ గ్లాసు కింద పెట్టి ఆమె వైపు తిరిగింది.

"ఉత్తినే కాదు," అంది కూర్మమ్మ. "మా కృష్ణకుమారుకి రాగం రాదు. కోడలు తమిళ పిల్ల. మంచిదే గాని, నాను పోతే ఏదో సినిమా పాట పెట్టీసి ఊరుకుంటాది. సుంగై పెటానిలోన నా సెల్లి నరసమ్మ ఉంది. దానికి కాళ్లు పడిపోనాయి, నా సావుకి దానికి రావడం అవదు. ఇప్పుడు సావులన్నీ ఫోనులోన సూపిస్తన్నారు కదా, అందులోనైనా అది నన్ను తెలుగులోన సాగనంపుకోవాల. ఈ ఏడుపు మావోడి ఫోనులోన కూడా ఎక్కించు. ఆ రోజు వాడు ఏస్తాడు. అదే నా కూలి. మరేటీ వద్దు."

"ముందు మీ వాడి ఫోనులో ఎక్కించాకే వాళ్లకి పంపుతాను," అంది భారతి. మనస్ఫూర్తిగానే అంది.

కారు అద్దాలు ఎత్తేశారు. ఏసీ ఆపేశారు. ఉక్కపోతలో కూర్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు మూసుకుంది.

"ఓలమ్మా కూర్మమ్మా! పామాయిలు గెలలు మోసిన బుజమా, నిన్నీ రోజు నలుగురు మోస్తన్నారా! సెల్లీ నరసమ్మా, నీ అప్ప ఎలిపోతందే, సివరిసారి సూసుకోవే..."

అంత చిన్న కారులో అంత ఏడుపు ఎలా పట్టిందో తెలియదు. రికార్డరు మీటరు చూసుకోవలసిన భారతి స్టీరింగుమీద తల ఆనించి ఏడ్చింది. తన కోసమో, మామ్మ కోసమో ఆమెకే తెలియలేదు. అయ్యాక కూర్మమ్మ మొహం తుడుచుకుని, "ఆకలేస్తందే," అంది.

బెల్జియంవాళ్లు పొంగిపోయారు. ఒప్పందంలో వాళ్లు అడిగినచోటల్లా భారతి చదవకుండానే 'సరే' నొక్కింది. స్టూడియో నిలబడింది. సినిమా వచ్చింది, అక్కడ జనం ఆ ఏడుపు విని ఏడ్చారని కబురు కూడా వచ్చింది.

ఆ పై వానాకాలంలో కూర్మమ్మ నిద్రలోనే పోయింది.

కృష్ణకుమార్ మాట తప్పలేదు. తల్లి తలాపున స్పీకరు పెట్టి, ఫోనులోంచి ఆ ఏడుపు వేశాడు. తెలుగు ముక్క రాని కుర్రాళ్లు కూడా గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. రాలేనివాళ్ల కోసం శవానికి ఎదురుగా ఇంకో ఫోను నిలబెట్టి, ఇంటర్నెట్‌లో లైవు చూపించారు. ఆ ఫోనుని తనే సరిచేసి, భారతి దండం పెట్టుకుంది. మామ్మ రుణం తీరిపోయిందని ఆమె నమ్మకం.

సుంగై పెటానిలో నరసమ్మ కుర్చీలో ముందుకు వంగి, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుంది. పువ్వుల మధ్య అక్క పడుకునుంది. చుట్టూ ఉన్నవాళ్ల పెదాలు కదులుతున్నాయి.

"సౌండు పెంచే పునితా, ఏటీ ఇనపడ్డం నేదు," అంది కోడలితో. "అప్ప రాగం ఏస్తానని కృష్ణుడు సెప్పినాడు."

పునిత వచ్చి ఏవేవో నొక్కింది. తెరమీద పడిన అక్షరాలు ఒకసారి చదివి, నమ్మలేక మళ్లీ చదివింది.

"సౌండు ఆ లైవు చూపించే కంపెనీవాళ్లే తీసేసినారత్తా. ఆ ఏడుపు ఎవరో యూరప్ కంపెనీవాళ్లదంట. మనం దొంగిలించినామంట లాహ్."