తువ్వాలమ్మ

"అబ్బా!" అంది ఆయా, వేళ్లు విదిలించుకుంటూ.

ముసలావిడ మళ్లీ కొట్టింది.

వృద్ధాశ్రమంలో అందరికీ ఇదో నవ్వులాట. ఆవిడకు మతి పోయింది. తన పేరు కూడా గుర్తులేదు. పొద్దున్నే తువ్వాలును మూటలా చుట్టి ఒళ్లో పెట్టుకుంటుంది. ఆయా చేతులు లాక్కుని దాని కింద పెట్టిస్తుంది. చిటికెన వేలును ఓ పక్కకు జరుపుతుంది. ఆయా పట్టు బిగించిందా, ఠపీమని ఒక్కటి!

"పూర్వం బట్టలు ఉతికేదేమో," అంది వంటామె. "తువ్వాలమ్మా, నా చీర కూడా పిండిపెట్టవూ?"

ఆ ఆట ఆడితేగానీ ఆవిడ ముద్ద మింగదు. అందుకని ఆయా రోజూ ఆడేది.

ఒకరోజు ఆయా చెప్పింది. "మంత్రసాని చదువుకి వెళ్తున్నా అక్కా."

వంటామె నోరు వెళ్లబెట్టింది. "ఈ వయసులోనా? ఇన్నేళ్లూ ముసలివాళ్లకు చేసి, ఇప్పుడు పురిటిగదిలోకా?"

"ఇక్కడ అందర్నీ సాగనంపడమే అయింది. ఒక్కరికైనా ఎదురెళ్లాలని ఉంది."

వెళ్లేరోజు ముసలావిడ తువ్వాలు చాపింది.

"బస్సుకి టైమైపోయింది అమ్మమ్మా. వచ్చాక ఆడుకుందాం," అని ఆయా చెయ్యి విడిపించుకుంది.

సెలవుకి వచ్చేసరికి ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. ఆయా వంటింట్లో కూర్చుని కాసేపు ఏడ్చింది.

చదువు ఒక పట్టాన కొరుకుడు పడలేదు. తోటి పిల్లలు గడగడా అప్పజెప్పే పాఠానికి ఆమె నోరు తిరిగేది కాదు. "మొదటి కాన్పులో తడబడ్డావంటే ఇంటికి పంపించేస్తా," అని పాఠం చెప్పే సిస్టర్ ముఖం మీదే చెప్పింది. తల నెరిసిన మనిషి. పొరపాటున కూడా ఎవర్నీ మెచ్చుకోదు.

ఆ మొదటి కాన్పు రానే వచ్చింది. ఆయా చదివిందంతా గాలికి పోయింది.

బిడ్డ తల బయటికొచ్చింది.

లాగొద్దని సిస్టర్ అరవబోయింది. ఆయా లాగలేదు. ఆమె చేతులు వాటంతటవే కిందికి వెళ్లి పరుచుకున్నాయి. వేళ్లు బిగియలేదు. చిటికెన వేలు జరిగి మెడ కింద ఆనింది. మరో నొప్పి వచ్చేదాకా ఆ చేతులు అలాగే కాచుకున్నాయి. భుజం తిరిగింది. బిడ్డ తనంతట తాను అరచేతుల్లోకి జారి, కెవ్వుమంది.

ఆయా ఒళ్లు గగుర్పొడిచింది. ఇవి తన చేతులేనా?

బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెట్టాక సిస్టర్ దగ్గరికొచ్చింది.

"ఎవరు నేర్పారు నీకిలా?"

"ఎవరూ నేర్పలేదండీ. మా ఆశ్రమంలో ఒక ముసలామె తువ్వాలుతో ఆడుకునేది. నా చేతులు కూడా పెట్టించేది..."

"వేళ్లు బిగిస్తే కొట్టేదా?"

ఆయా తెల్లబోయింది. "మీకెలా తెలుసు?"

"ఎక్కడున్నారు ఆవిడ?"

"పోయారండీ."

సిస్టర్ తన వేళ్లు తడుముకుంది. "నన్నూ కొట్టారు. ఈ గదిలోనే. అప్పట్లో మాకు బొమ్మలెక్కడివి? తువ్వాలు మూటనే బిడ్డగా పెట్టి ఆవిడ నేర్పేవారు."

తాను రోజూ ఆడించానని ఆయా అనుకున్న ఆ మనిషి, తన పేరుతో సహా అన్నీ మరిచిపోయాక కూడా, ఆమెకు రోజూ పురుడు పోయడం నేర్పింది.