నిశ్శబ్దపు గది

రెండువేల అరవై నాటికి బెజవాడలో ప్రతి ఇంటికీ శబ్దాన్ని మింగే గోడలతో ఒక గది ఉండేది. డబ్బింగ్ చెప్పే హైమవతికి ఆ గది మూడేళ్ళ కిందట భర్త శేషాచలమే దగ్గరుండి కట్టించాడు. “లోపల ఎంత అరిచినా చీమకైనా వినపడదు,” అన్నాడు. ఆ మాట నమ్మి, పనయ్యాక ఆమె అక్కడే కూర్చుని చనిపోయిన అక్కతో తన దిగుళ్ళన్నీ పైకే చెప్పుకునేది.

ఒకరోజు చిక్కుళ్ళు తుంచుతూ ఆయన, “రొమ్ములో గడ్డ సంగతి నాతో చెప్పొచ్చు కదే?” అన్నాడు.

“మీకెలా తెలిసింది?”

“ఆ గోడలు మింగిందంతా నా ఫోనుకి వస్తుంది. నీ మంచికేలే.”

“మూడేళ్ళుగా వింటున్నారా?”

ఆయన ఇంకో చిక్కుడుకాయ అందుకున్నాడు.

మర్నాడు హైమవతి ఒంటరిగా ఆసుపత్రికి వెళ్ళింది. “ఎన్నాళ్ళ నుంచమ్మా?” అని డాక్టరు అడిగితే నాలుగు గోడల వంకా చూసి, కాగితం అడిగి తీసుకుని, జవాబు రాసిచ్చింది.