చెల్లెలి పెళ్ళికి

"ఇంక బండి పోదు. దిగేవాళ్ళు దిగండి, వెనక్కొచ్చేవాళ్ళు కూర్చోండి," అన్నాడు డ్రైవరు.

బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు వాగు ఒడ్డున ఆగి చాలాసేపయింది. ఎదురుగా రోడ్డు నీళ్ళలోకి దిగి మాయమై, ఎక్కడో అవతలి గట్టున మళ్ళీ పైకి లేచింది. మధ్యలో ఎర్రటి నీరు చెట్ల మొదళ్ళనూ, ఇళ్ళ కప్పులనూ ఈడ్చుకుపోతోంది. స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు, కార్తీకమాసం. గాలివాన కాస్త తెరిపి ఇచ్చిందిగానీ ఉదయగిరి కొండ ఇంకా మబ్బులోనే ఉంది.

"నువ్వెంత దూరమమ్మా?" పక్కసీటులోని నర్సు లిదియమ్మ అడిగింది.

"ఉదయగిరే. మా పుట్టిల్లు," అంది పెంచలమ్మ. "సాయంత్రం మా చెల్లెలి పెళ్ళి."

"సొంత అక్కవయ్యుండి పెళ్ళిరోజు బయల్దేరినావా? ఇంటాయన ఏడీ?"

"మొన్ననే పెళ్ళికి పోయినాడు. మా అత్త, చుట్టాలు, అందరూ పోయినారు. నాకు జ్వరంగా ఉంటే ఆగినాను."

ఆమెను తీసుకుపోవడానికి వచ్చిన చిన్నాయన రత్తయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. జ్వరం సంగతి ఆయన వినడం అదే మొదలు.

"చెల్లెల్ని ఏ ఊరికి ఇస్తుండారు?"

"ఆత్మకూరికే. మా ఇంటికే."

"అయితే తోడికోడళ్ళవుతారు. అదృష్టమే. మనిషి మంచోడేనా?"

పెంచలమ్మ నీళ్ళవైపు చూసింది. "మంచోడే. కోపం లేదు. ఎవురేం చెప్పినా వింటాడు."

లిదియమ్మ బస్సులోనే ఉండిపోయింది. రత్తయ్య పెంచలమ్మను కిందికి దించి పక్కకు పిలిచాడు.

"అమ్మీ, మనమూ వెనక్కి పోదాం. వాగు అడ్డం పడితే నువ్వేం చేస్తావు? నిన్ను ఒక మాట అనేవాళ్ళు లేరు."

"నేను పోకుంటే కొండమ్మ పీటల మీద కూర్చోదు చిన్నాయనా. ఒట్టు పెట్టుకుంది."

"కూర్చోకుంటే పోయె."

"ఈ ముహూర్తం తప్పితే మా అత్త ఊరుకుంటుందా? ఇంకో పిల్లను చూస్తుంది. ఆ వచ్చేది నన్ను ఆ ఇంట్లో ఉండనిస్తుందా? కొండమ్మయితే నాది."

రత్తయ్య పంచె ఎగగట్టి వాగువైపు నడిచాడు.

పక్కపల్లెలో చేపలు పట్టుకు బతికే తిరుపాలు, వాగుకడ్డంగా మోకుతాడు కట్టి మగవాళ్ళను దాటిస్తున్నాడు. పెంచలమ్మను చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఆడమనిషిని దించను. పొద్దున ఎద్దే కొట్టుకపోయింది."

"నాకేమన్నా అయితే నీమీదికి మాట రాదు. మా చిన్నాయన ఉండాడు గదా."

"చెల్లెలి పెళ్ళి కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా తల్లీ?"

"తెచ్చుకుంటారు," అంది.

తిరుపాలు భార్య వెంగమ్మ ఎండిన సొరబుర్రలు తెచ్చింది. నీళ్ళలో తేలడానికి వాటిని నడుముకు కట్టాలి. చంకలో బిడ్డ అడ్డం వస్తుంటే, "కాస్త పట్టుకోమ్మా," అని పెంచలమ్మ చేతుల్లో పెట్టింది. కట్టడం అయిపోయింది. బిడ్డ కోసం వెంగమ్మ చేతులు చాచి నిలబడింది. రెండోసారి అడిగాకగానీ పెంచలమ్మ ఇవ్వలేదు.

రత్తయ్య ముందు దాటాడు. తర్వాత పెంచలమ్మ మోకు పట్టుకుని దిగింది. వెనకే తిరుపాలు. నీళ్ళు మొదట నడుము దాకా, తర్వాత గుండెల దాకా వచ్చాయి. నడివాగులో కాళ్ళ కింద ఇసుక జారింది. తిరుపాలు చూస్తుండగానే ఆమె చేతులు రెండూ మోకును వదిలేశాయి.

అతను జుట్టు దొరకబుచ్చుకుని, గట్టు దాకా ఈడ్చుకొచ్చి పడేశాడు. దగ్గు తగ్గాక అడిగాడు.

"పట్టు తప్పితే అరవాల గదమ్మా. అరవలేదేంది?"

పెంచలమ్మ కొంగు పిండుకుంది. రత్తయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఊరు చేరేదాకా మళ్ళీ వదల్లేదు.

పెళ్ళింటి ముందు పందిరి కూలి పడి ఉంది. అరటిబోదెలు బురదలో దొర్లుతున్నాయి. వంటకు పోసిన బియ్యం తడిసి ముద్దయింది. కలిగిరి నుంచి రావలసిన మేళం రాలేదు. సందడి అంతా ఎత్తిపోయి, ఉన్న కొద్దిమంది చుట్టాలు వసారాలో ముడుచుకు కూర్చున్నారు. తల్లి ఆదిలక్ష్మమ్మ ఎదురొచ్చి కూతురి తల తుడవబోయి, తుడవలేక గడప మీద కూలబడింది.

లోపలి గదిలో చెల్లెలు మాలకొండమ్మ పెళ్ళిచీరతో గోడకానుకుని ఉంది.

"రావనుకున్నానక్కా."

"రాకుండా ఎట్టుంటాను?"

"ఈ గాలివాన చూసి అందరూ అపశకునమంటుండారు. నువ్వు వద్దంటే ఇప్పుడే ఈ చీర తీసేస్తాను. నీ నోటితో ఒక్కమాట చెప్పు."

పెంచలమ్మ చెల్లెలి చెంపల మీద కారిన కాటుకను తన తడికొంగుతో తుడిచింది. చెదిరిన పూలు సర్దింది.

"లెయ్. పొద్దు గూకుతుండాది. ముహూర్తం దాటిపోతుంది."

చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి, తనే పీట మీద కూర్చోబెట్టింది. పురోహితుడు గొంతు సవరించుకున్నాడు. తెరకవతల పెళ్ళికొడుకు మల్లికార్జునం తల వంచుకుని ఉన్నాడు. పెంచలమ్మ కట్టుకున్న చీర నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు విని ఒకసారి తలెత్తి, మళ్ళీ దించుకున్నాడు.

అతను పెంచలమ్మ భర్త.