వాకిలి మీద గీత

శైలజ ఆ ఇంటికి రావడం ఇది నాలుగోసారి. చేతిలో టేపు, మొహం నిండా విసుగు.

హిందూపురంలో పెన్న మీద లైట్ రైలు వంతెనకు డిజైన్ గీయడం ఆమె పని. ఏడాదిలో పది నెలలు ఇసుక తప్ప చుక్క నీరు కనబడని ఏరు. దానికి ఇప్పటికి ఐదు డిజైన్లు గీసింది. ఐదూ చెత్తబుట్ట పాలయ్యాయి. అన్నిటికీ కారణం ఈ వాకిలి మీది గీతే.

నలభై ఏళ్ల కిందటి పెద్ద వరద ఎంత ఎత్తు వచ్చిందో ఏ ఆఫీసులోనూ రాసి లేదు. అలాంటప్పుడు ఊళ్లో పెద్దవాళ్లను అడిగి మట్టం తీసుకోవాలి. ఆ వరద చూసినవాళ్లలో మిగిలింది వెంకటలక్ష్మమ్మ ఒక్కతే. ఆమె వాకిలి ద్వారబంధం చెక్క మీద, రొమ్ము ఎత్తున, కొడవలితో కోసిన గీత ఉంది. ప్రతి శుక్రవారం గడపతోపాటు దానికీ పసుపు రాస్తుంది.

ఆ గీత ప్రకారం వంతెన రెండు మీటర్లు లేవాలి. వంతెన లేస్తే రైలు ఎక్కే వాలు యాభై మీటర్లు సాగాలి. ఆ యాభై మీటర్లలోనే వెంకటలక్ష్మమ్మ ఇల్లుంది.

మూడుసార్లు వచ్చి, ఈ మాట చెప్పలేక మజ్జిగ తాగి వెళ్లిపోయింది శైలజ. ఈరోజు చెప్పేసింది.

"అవ్వా, బాగా గుర్తు తెచ్చుకో. నీళ్లు ఇంకాస్త కిందనే నిలిచినాయేమో. ఆ ఒక్క మాట నువ్వంటే నీ ఇల్లు మిగుల్తాది."

"గుర్తు తెచ్చుకునేదేముండాది మ్మా? బురద మరక చూసి నా చేత్తో నేనే కోసినా. మా ఇంటాయన పోయింది ఆ నీళ్లల్లోనే. ఇంటికోసరం అబద్ధం చెప్పమంటావా?"

పక్కింటి ఉలిగప్ప కల్పించుకున్నాడు. "ఇరవై ఏండ్లుగా ఈడ ఉండా మేడం. ఈ వీధిలోకి ఏటి నీళ్లొచ్చింది నేను చూడలే."

"నిన్న మొన్న వచ్చినోడివి, నీకేం తెలుసప్పా? ఊరుకో," అంది అవ్వ.

శైలజకు ఒళ్లు మండిపోయింది. ఏటి మీద కోపం, ఆఫీసు మీద కోపం, అన్నిటికన్నా ఈ ముసలామె నిజాయితీ మీద కోపం. ధర్మవరంలో ఉన్న పైఅధికారి విజయ్ కుమార్‌కు ఫోన్ చేసింది.

"కళ్లారా చూసిన మనిషి చెప్తాంటే ఇంకేం కావాలమ్మా? గీసెయ్," అన్నాడాయన.

ఆరో డిజైన్‌కు సంతకాలు పడ్డాయి. ఏట్లో స్తంభాలు లేచాయి. అవ్వకు పెనుకొండ రోడ్డులో కొత్త ఇల్లు ఇచ్చారు.

ఇల్లు కూల్చే రోజు మనసాగక శైలజ వెళ్లింది. అప్పటికే సగం గోడలు నేలమట్టం. కొత్తింటికి పట్టుకుపోవడానికి కూలీలు గడ్డపారలతో వాకిలిని పెకలిస్తున్నారు. అవ్వ పక్కనే నిలబడి గీత మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"పదిలం నాయనా! ఆ వరదకు ఏటొడ్డున మా పాతిల్లు కూలిపోయినాక, ఈ వాకిలిని ఊడబెరుక్కుని ఈ మెట్టకు మోసుకొచ్చిన దినం గూడా గీతకు దెబ్బ తగలనీలేదు నేను."